లాక్స్టన్: గట్లు లేని పొలాలు, ఏటా కూర్చునే ఊరి కోర్టు

ట్రెంటుగట్టు:
ఇంగ్లండ్ పల్లెలు అనగానే ఇక్కడ కాట్స్‌వోల్డ్స్ ఇళ్ళు, లేక్ డిస్ట్రిక్ట్ ఫొటోలు తప్ప ఇంకేం పడట్లేదు, అందుకని మా వైపు ఊరొకటి పరిచయం చేస్తా, సేద్యం తెలిసినోళ్ళకి పండగే. ఊరి పేరు లాక్స్టన్, నాటింగ్‌హమ్‌షైర్‌లో ఆలర్టన్‌కీ టక్స్‌ఫర్డ్‌కీ మధ్యన, ఏ1 రోడ్డుకి పడమర. పక్కనున్న మూర్‌హౌస్ అనే చిన్న పల్లెతో కలిపి లాక్స్టన్ అండ్ మూర్‌హౌస్ అని ఒకటే సివిల్ పారిష్. జనం కొన్ని వందల మందే, చర్చి ఒకటి, డవ్‌కోట్ ఇన్ అని పబ్బు ఒకటి, మెయిన్ స్ట్రీట్ ఒకటి, అంతే ఊరు.

విశేషమంతా పొలాల్లో ఉంది. మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు, మూడూ కలిపి సుమారు 480 ఎకరాలు. లోపల కంచె లేదు, గట్టు లేదు, హెడ్జ్ లేదు. అలాగని ఒక్కడి పొలం కాదు, ఒక్కో రైతుకి మూడు పొలాల్లోనూ అక్కడోటి ఇక్కడోటి పొడుగాటి పట్టీలు ఉంటాయి. మధ్యయుగంలో మధ్య ఇంగ్లండ్‌లో చాలా ఊళ్ళు ఇలాగే దున్నేవి, ఇప్పుడు ఆ పద్ధతిలో నిజంగా సాగు నడుస్తున్న ఊరు ఇంగ్లండ్‌లో దాదాపు ఇదొక్కటే అనుకోండి. మ్యూజియం కాదండోయ్, ట్రాక్టర్లు, కంబైన్లు పెట్టి గోధుమ పండిస్తున్నారు.

పాలమూరోడు:
గెట్టు లేకుంటె ఎట్ల అన్నా? మా కాడ గెట్టు ఉండంగనే జానెడు జానెడు జరుపుకుంట పోతరు. గెట్టే లేకుంటె రోజు పంచాదే గద.

ట్రెంటుగట్టు:
సరిగ్గా దానికోసమే వాళ్ళకి కోర్టు ఉంది. కోర్టు లీట్ అంటారు, మేనర్ కోర్టు, అంటే ఒక దొర ఎస్టేటుకి ఉండే కోర్టు, మధ్యయుగం నాటి సంస్థ. పద్ధతి చెప్తా వినండి. ఊరి రైతుల్లోంచి 12 మందిని జ్యూరీగా ప్రమాణం చేయిస్తారు. నవంబరు చివర్లో ఒక గురువారం ఆ 12 మందీ కలిసి కొత్తగా గోధుమ చల్లిన పొలానికి పోతారు, పట్టీ పట్టీ తిరిగి ఎవడన్నా దారిలోకి దున్నాడా, గడ్డి వదలాల్సిన చోట నాగలి పెట్టాడా అని చూస్తారు. అనుమానం ఉన్నచోట అప్పుడే చెక్కిన కర్ర గూటాలు తెచ్చి సుత్తితో కొట్టి హద్దు పాతేస్తారు. గూటానికి ఇవతల మొలకలు కనపడితే దొరికిపోయినట్టే. తర్వాత అందరూ పబ్బుకి పోయి భోజనం చేస్తారు, దున్నినోడూ పట్టుకున్నోడూ ఒకటే బల్ల. మరుసటి వారం అదే పబ్బులో కోర్టు కూర్చుంటుంది, స్టీవార్డ్ అని ఒకాయన కోర్టుకి పెద్దగా కూర్చుంటాడు, జరిమానాలు రాస్తారు, వచ్చే ఏడాదికి కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది.

జరిమానా కొద్ది పౌండ్లే. డబ్బు కాదు అక్కడ బాధ, నలుగురిలో పేరు చదవడం.

కోనసీమకొబ్బరి:
కోర్టు పబ్బులోనా 😂 ఇలాంటి కోర్టయితే మావాళ్ళు వాయిదాలకి పరిగెత్తుకుంటూ వెళ్తారండి బాబూ

అది సరే గానీ ఆ జరిమానాకి చట్టబద్ధత ఉందాండీ, ఊరికే వేడుక కోసం చేస్తారా?

కరణంగారిమనవడు:
ఉందండీ. ఇంగ్లండ్‌లో ఇలాంటి పాత మేనర్ కోర్టులు బోలెడు మిగిలాయి గానీ ఎక్కువ చోట్ల టోపీలు పెట్టుకుని ఊరేగడమే పని. 1977లో పార్లమెంటు అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ యాక్టు తెచ్చి మిగిలిన వాటి న్యాయాధికారాన్ని దాదాపుగా తీసేసింది, లాక్స్టన్ కోర్టుని మాత్రం వదిలేసింది, అది అప్పటికీ నిజంగా పని చేస్తోంది కాబట్టి. నేను లా చదివేటప్పుడు ఈ ఊరి పేరు అక్కడే మొదట చూశా, ఊరు ఎక్కడుందో కూడా తెలీదు అప్పుడు.

లీడ్స్‌లో_గోంగూర:
నాకొకటి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు ట్రెంటుగట్టు గారూ, ఇక్కడ ట్రైన్లో పోతుంటే రైతు ఇల్లు పొలం మధ్యలో ఒంటరిగా ఉంటుంది, చుట్టూ మైలు దూరంలో ఇంకో ఇల్లుండదు, మన దగ్గరలా ఊళ్ళో ఇల్లు, ఊరి బయట పొలం అనేది కనపడదు. మీరు చెప్పే ఊళ్ళో ఎలా ఉంటుంది మరి?

ట్రెంటుగట్టు:
మంచి మాట అడిగారు, సగం చరిత్ర అందులోనే ఉంది. లాక్స్టన్‌లో రైతుల ఇళ్ళు ఊళ్ళోనే ఉంటాయి. ఎర్ర ఇటుక ఇళ్ళు, పెంకు కప్పు, చాలా ఇళ్ళ గోడ చివర వీధి వైపు తిరిగి ఉంటుంది, పక్కనుంచి లోపలికి పోతే పెరడు, కొట్టాలు, వెనక సన్నగా పొడుగాటి దొడ్డి. అంటే మన ఊరే.

మిగతా చోట్ల కూడా చాలా ఊళ్ళు ఒకప్పుడు ఇలాగే ఉండేవి. తర్వాత ఎన్‌క్లోజర్ వచ్చింది, పట్టీలన్నీ కలిపేసి ఒక్కొక్కడికి ఒకే చోట భూమి ఇచ్చి చుట్టూ కంచె వేసుకోమన్నారు. భూమి ఒకచోటికి వచ్చాక రైతు ఊళ్ళో ఎందుకుంటాడు, ఇల్లు కూడా పొలంలోకి మార్చుకున్నాడు. మీరు ట్రైన్లోంచి చూసే ఒంటరి ఇళ్ళు చాలావరకు అలా వచ్చినవే. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు దీనికోసం 5,200కి పైగా బిల్లులు పాస్ చేసింది, 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండ్‌లో ఐదో వంతు. పట్టీ ఉన్నోడికి పట్టీకి బదులు భూమన్నా వచ్చింది, ఊరి బీట్లో ఆవుని మేపుకుని బతికేవాడికి ఏమీ రాలేదు లేదా ఎందుకూ చాలనంత ముక్క వచ్చింది. వాళ్ళే కూలీలయ్యారు, చాలామంది ఊళ్ళొదిలి టౌన్లకి పోయారు. ఆ బిల్లులు పాస్ చేసిన పార్లమెంటులో కూర్చున్నది కూడా భూస్వాములే అనేది మర్చిపోకూడదు.

పాలమూరోడు:
మరి ఈ ఊరొక్కటి ఎట్ల తప్పించుకున్నది?

ట్రెంటుగట్టు:
వీరోచిత పోరాటం ఏమీ లేదన్నా, చెప్తే నవ్వుతావ్. ఇద్దరు పెద్ద భూస్వాములు, ఒకరు పియర్‌పాంట్ వంశం వాళ్ళు, వాళ్ళే తర్వాత ఎర్ల్ మాన్వర్స్ అయ్యారు, ఇంకొకరు ఎర్ల్ ఆఫ్ స్కార్‌బరో. ఊరు ఇద్దరి మధ్యా చీలి ఉంది, ఒకరు సరే అంటే ఇంకొకరు కాదంటారు, పైగా కంచెలకీ కొత్త ఇళ్ళకీ అయ్యే ఖర్చు. 18వ శతాబ్దంలోనే ఊరి భూమి కొంత కంచెల్లోకి పోయింది కూడా, మిగతాది వాయిదా పడుతూ పడుతూ ఉండిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో మాన్వర్స్ ఎస్టేటు మరీ చిన్న పట్టీల్ని కలిపి పెద్దవి చేసింది, లేకపోతే ట్రాక్టరు తిరగడానికి కూడా చోటుండేది కాదు.

కోనసీమకొబ్బరి:
అంటే దాయాదుల గొడవ వల్ల బతికిపోయింది అన్నమాట. మా తాతల ఇల్లు కూడా అలాగే ఇంకా అమ్ముడుపోలేదు లెండి

గొలుసుసర్వే:
నేను సర్వే డిపార్టుమెంటులో రిటైర్ అయినవాణ్ణి, ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. ఆ పట్టీల కొలతలు మన వాళ్ళకి కొత్తేం కాదు. పాత లెక్కలో ఒక ఎకరం పట్టీ అంటే పొడవు 220 గజాలు, వెడల్పు 22 గజాలు. గుణించుకోండి, 4840 చదరపు గజాలు, మన పిల్లలకి కూడా తెలిసిన అంకె. ఆ 220 గజాలే ఒక ఫర్లాంగు, ఎద్దుల జట్టు ఆగకుండా ఒక చాలు దున్నే దూరం అని చెప్తారు. ఆ 22 గజాలే 66 అడుగులు, అదే గుంటర్ గొలుసు, 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే ఆయన తయారు చేసిందీ, దానికి 100 లింకులు. మేము కుర్రాళ్ళప్పుడు పొలాల్లో ఈడ్చుకుంటూ తిరిగిన గొలుసు అదే, పాత ఎఫ్‌ఎంబీలు, అంటే పొలాల కొలతల పుస్తకాలు తీస్తే కొలతలు లింకుల్లోనే ఉంటాయి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు, అంటే 33 అడుగులు బై 33 అడుగులు, తెలంగాణ వాళ్ళ గుంట. ఆ ఒక్క ఎకరం పట్టీ మీద గుంటలు పేర్చుకుంటూ పోతే అడ్డంగా రెండు, నిలువునా ఇరవై, లెక్క ఒక్క అంగుళం తేడా రాకుండా సరిపోతుంది.

ట్రెంటుగట్టు గారూ, ఆ ఊరికి పాత నక్షా ఏదన్నా ఉందా?

ట్రెంటుగట్టు:
సర్, మీరు అడుగుతారని ఎదురుచూస్తున్నా. 1635 నాటి నక్షా ఉంది, మార్క్ పియర్స్ అనే సర్వేయరు చేశాడు. అప్పటి భూస్వామి సర్ విలియం కోర్టెన్, లండన్ వ్యాపారి, డ్యూక్ ఆఫ్ బకింగ్‌హమ్ దగ్గర ఊరు కొనుక్కున్నాడు, కొన్నదేంటో తెలుసుకోవాలి కదా, ఊరంతా కొలిపించాడు. ప్రతి పట్టీ గీశారు, పక్కన పుస్తకంలో ఎవరి సాగు, ఎంత విస్తీర్ణం అన్నీ రాశారు. మీ మాటల్లో చెప్పాలంటే నక్షా, అడంగల్ రెండూ. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. అందులో నాకు నచ్చేది బొమ్మలు, పట్టీల మధ్య చీమంత సైజులో మనుషులు, ఒకడు నాగలి తోలుతున్నాడు, కొందరు కోత కోస్తున్నారు, ఇంకోచోట వేట నడుస్తోంది. సర్వేయరుకి టైమ్ ఎక్కడిది అనిపిస్తుంది గానీ డబ్బిచ్చిన దొరకి గోడ మీద అందంగా కనపడాలి కదా.

కోర్టెన్ దగ్గర కూడా ఎక్కువ రోజులు నిలవలేదు, 1640 ప్రాంతంలోనే పియర్‌పాంట్ వాళ్ళ చేతికి పోయింది.

గొలుసుసర్వే:
చాలా సంతోషం. ఆనాటికి గుంటర్ గొలుసు పుట్టి పదిహేనేళ్ళే.

లీడ్స్‌లో_గోంగూర:
పట్టీలు చెదరగొట్టి ఎందుకు ఇచ్చేవాళ్ళు అసలు? ఒకే చోట ఇస్తే పోయేది కదా, మూడు పొలాలకి తిరిగే బాధ తప్పేది.

ట్రెంటుగట్టు:
నేల చూస్తే తెలుస్తుంది. పడమర వైపు షేర్‌వుడ్ అడవి ఉంది కదా, అదంతా ఇసక నేల, నీళ్ళు ఇంకిపోతాయి. లాక్స్టన్‌కి వచ్చేసరికి ఎర్ర బంకమట్టి, వాన పడితే బూటు పైకి రాదు. నీళ్ళు తూర్పున ట్రెంటు నది వైపు పోవాలి, ఊరు చుట్టూ చిన్న చిన్న దిబ్బలు పల్లాలు. మిట్ట మీద కాస్త ఆరుతుంది, పల్లంలో మార్చి దాకా చెమ్మే. అందరికీ మంచిదీ చెడ్డదీ సమానంగా రావాలంటే చీల్చి చీల్చి పంచాల్సిందే. మన దగ్గర అన్నదమ్ములు పంచుకునేటప్పుడు బావి కింద ముక్క, మెరక ముక్క ఒక్కొక్కటీ నాలుగుగా చీల్చుకోరూ, ఆ బుద్ధే.

పంట కూడా ఎవరిష్టం వాళ్ళది కాదు. మూడు పొలాల్లో ఒకదాంట్లో చలికాలం గోధుమ, ఒకదాంట్లో వసంతంలో చల్లే పంట, బార్లీ లాంటిది, ఒకటి బీడు. ఏటా ఒకటి జరుగుతుంది. గోధుమ పొలంలో నీకొక్కడికే బఠాణీ వేయాలనిపిస్తే కుదరదు. పాతకాలంలో బీడు పొలంలో అందరి గొర్రెలూ తిరిగేవి, ఎరువు అదే.

ఇక దున్నడానికి పనికిరాని తడి పల్లాల్ని గడ్డికి వదిలేస్తారు, వాటిని సైక్‌లు అంటారు. వందల ఏళ్ళుగా నాగలి తగలని గడ్డి, జూన్‌లో పోయి చూస్తే పూలతో నిండి ఉంటుంది, ప్రభుత్వం శాస్త్రీయ ప్రాముఖ్యం ఉన్న స్థలంగా రక్షణ ఇచ్చింది. ఆ గడ్డిని ఏటా రైతుల మధ్య వేలం వేస్తారు. జ్యూరీ గూటాలు కొట్టేది ఎక్కువగా ఈ సైక్‌ల అంచుల్లోనే, ఎందుకంటే ఎవరిదీ కాని గడ్డిలోకి రెండు చాళ్ళు ఎక్కువ తోలుదామనే దురద ప్రపంచంలో రైతన్న ప్రతివాడికీ ఉంటుంది.

పాలమూరోడు:
మా ఊరి చెరువు శిఖం గట్లనే పోయింది. రెండు చాళ్ళతోనే మొదలు.

కరణంగారిమనవడు:
ఇలాంటి కోర్టుకి పిండర్ అని ఒక ఉద్యోగి కూడా ఉండేవాడు, తప్పిపోయి పంట మీద పడ్డ పశువుల్ని తోలుకొచ్చి బందెలదొడ్లో కట్టేయడం అతని పని, డబ్బు కట్టి విడిపించుకోవాలి. మా చిన్నప్పుడు మా ఊళ్ళోనూ బందెలదొడ్డి ఉండేది, ఇప్పుడు ఆ స్థలంలో వాటర్ ట్యాంకు.

నా అసలు ప్రశ్న వేరే. మనకీ గ్రామస్థాయిలో హద్దులు తెలిసిన మనుషులు ఉండేవాళ్ళు, మా తాతగారి ఉద్యోగమే అది. మంచివాళ్ళూ ఉన్నారు, పీడించినవాళ్ళూ ఉన్నారు, దాచేదేముంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం మునసబు వ్యవస్థ తీసేసింది, పటేల్ పట్వారీలు కూడా అప్పుడే పోయారు. తీసేయడం తప్పని అనను గానీ ఊరి పొలాల్ని ఏడాదికోసారన్నా ఊరివాళ్ళే కాలినడకన తిరిగి చూసే పద్ధతి దాని స్థానంలో రాలేదు. లాక్స్టన్ లాంటి జ్యూరీ మన దగ్గర పెట్టుకుంటే గట్టు తగాదాలు సివిల్ కోర్టు దాకా పోవు కదా?

గొలుసుసర్వే:
పోతాయండీ. అక్కడ రైతులు కౌలుదార్లు, యజమాని ఒక్కడే. గట్టు జరిగినా ఆస్తి ఒక పేరు మీద నుంచి ఇంకో పేరు మీదికి పోదు, సాగు హద్దు మాత్రమే జరుగుతుంది. మన దగ్గర రైత్వారీ, ఎవడి పట్టా వాడిది, సెంటు జరిగితే సెంటు ఆస్తి పోయినట్టే. పైగా రోడ్డు పక్కనైతే ఆ సెంటు విలువ లక్షల్లో ఉంది. పబ్బులో భోజనం పెట్టి తీర్చేది కాదు.

ట్రెంటుగట్టు:
సర్ అన్నది నిజం. లాక్స్టన్ కథలో జనం వదిలేసే భాగం అదే, సమానత్వం, సహకారం అని పొగుడుతారు గానీ తర్వాతి కాలంలో ఆ పద్ధతి నిలబడింది యజమాని ఒక్కడై ఉండి, ఆ ఒక్కడూ మార్చొద్దు అనుకోవడం వల్ల. 1952లో ఎర్ల్ మాన్వర్స్ అమ్మేశాడు, కొన్నది ఎవరనుకున్నారు, వ్యవసాయ మంత్రిత్వశాఖ, పద్ధతి పోకూడదని. 1981లో వాళ్ళు క్రౌన్ ఎస్టేటుకి, అంటే రాజరికం పేరిట ఉన్న భూములు చూసే సంస్థకి ఇచ్చారు. 2018లో క్రౌన్ ఎస్టేటు కూడా వదిలించుకుంటామంది, ఊళ్ళో కంగారు, ఎవడన్నా కంపెనీవాడు కొంటే ఏమవుతుందో అని. చివరికి 2020లో థోర్స్‌బీ ఎస్టేటు కొంది, అంటే మళ్ళీ పియర్‌పాంట్ కుటుంబమే. తిరిగి తిరిగి పాత దొరల చేతికే వచ్చింది.

కానీ జ్యూరీ వల్ల లాభం లేదని మాత్రం నేను ఒప్పుకోను. యజమాని ఒక్కడే అయినా పక్కపక్క కౌలుదార్లు కొట్టుకోకుండా ఉండేది ఆ నవంబరు నడక వల్లే. ఇవాళ తనిఖీ చేసేవాడు వచ్చే ఏడాది తనిఖీ చేయించుకునేవాడు, అది తెలిసి మాట్లాడతాడు.

కరణంగారిమనవడు:
ఆస్తి హక్కు తేల్చమని నేననట్లేదు సర్, దారులు, కాలవ గట్లు, చెరువు శిఖాలు, వీటి వరకే. ఇవి ఎవడి పట్టా కాదు కదా. పాలమూరు తమ్ముడు చెప్పిన రెండు చాళ్ళు పడ్డప్పుడే ఎవరన్నా గూటం కొట్టి ఉంటే?

గొలుసుసర్వే:
దానికైతే నేనూ సరే అంటాను. అయితే గూటం కొట్టేవాడు సర్పంచి మనిషి కాకూడదు, అదెలాగో మీరే చెప్పాలి.

కోనసీమకొబ్బరి:
సర్పంచి అంటే గుర్తొచ్చింది, ఈ పారిష్ అంటే మన పంచాయతీయేనా? చర్చి వాళ్ళదా?

ట్రెంటుగట్టు:
మొదట చర్చిదే, ఒక చర్చి కింద ఉన్న ఊరు. 1601 పేదల చట్టం వచ్చాక ఊళ్ళో బీదవాళ్ళకి తిండి పెట్టే బాధ్యత, దానికి పన్ను వసూలు చేసే పని కూడా పారిష్ మీద పడింది. 19వ శతాబ్దంలో చర్చి పారిష్ వేరు, పన్నుల పారిష్ వేరు అయిపోయి రెండోదాన్ని సివిల్ పారిష్ అన్నారు, 1894లో ఎన్నికైన కౌన్సిళ్ళు వచ్చాయి. ఇంగ్లండ్‌లో ఇప్పుడు పది వేలకి పైగా ఉన్నాయి. మన పంచాయతీతో పోలిస్తే అధికారం తక్కువ, కాలిబాటలు, బస్ షెల్టర్, నోటీసు బోర్డు, ఎవరన్నా ఇల్లు కడతామంటే అభిప్రాయం చెప్పడం, అంతే. ఖర్చుకి కౌన్సిల్ టాక్సులో కాస్త కలిపి తీసుకుంటారు. సభ్యులకి జీతం లేదు, ఛైర్మన్‌ని సభ్యులే ఏటా ఎన్నుకుంటారు. లాక్స్టన్‌లో పొలాల సంగతి పారిష్ కౌన్సిల్‌ది కాదు, అది పూర్తిగా కోర్టు లీట్ పని. ఒకే ఊళ్ళో రెండు ప్రభుత్వాలు.

లీడ్స్‌లో_గోంగూర:
పిల్లల్ని తీసుకుపోవచ్చా? పొలాలు తప్ప చూడ్డానికి ఇంకేమన్నా ఉందా, లేకపోతే మా చిన్నది దారిపొడుగునా సణుగుతుంది.

ట్రెంటుగట్టు:
ఉందండీ. ఊరికి ఉత్తరాన కోట దిబ్బ ఉంది, 12వ శతాబ్దానిది, రాతి గోడలేం ఆశించొద్దు, పెద్ద మట్టి దిబ్బ, చుట్టూ కందకం, దాని మీద ఇంకో చిన్న దిబ్బ. ఈ జిల్లాలో ఇంత బాగా మిగిలిన మట్టికోట ఇంకోటి లేదు. ఇక్కడి దొరలు షేర్‌వుడ్ అడవికి వంశపారంపర్య కాపలాదార్లు, అంటే రాబిన్ హుడ్ కథల్లో విలన్ పార్టీ అని పాపకి చెప్పండి, దిబ్బ ఎక్కుతుంది. సెయింట్ మైకేల్ చర్చిలో ఎవరింగ్‌హమ్ వంశం వాళ్ళ పడుకున్న బొమ్మలున్నాయి, అందులో ఒకామెది ఓక్ చెక్కతో చెక్కింది, నాటింగ్‌హమ్‌షైర్ మొత్తం మీద మధ్యయుగపు చెక్క బొమ్మ అదొక్కటే. పబ్బు పెరట్లో చిన్న విజిటర్ సెంటరు ఉంది, నక్షా అక్కడ అర్థం చేసుకుని పొలాల్లోకి పోతే తేలిక.

రైలుకయితే న్యూవార్క్ గానీ రెట్‌ఫర్డ్ గానీ దిగాలి, అక్కణ్ణుంచి కారు ఉంటేనే మేలు. పూలు కావాలంటే జూన్, గూటాలు కొట్టడం చూడాలంటే నవంబరు చివర. నవంబరుకి మోకాలి దాకా రబ్బరు బూట్లు తప్పనిసరి, మామూలు షూస్‌తో వచ్చి నన్ను తిట్టొద్దు.

గొలుసుసర్వే:
మా అబ్బాయి బర్మింగ్‌హమ్‌లో ఉంటాడు, ఈసారి వస్తే నవంబరులోనే వస్తాను. అక్కడ హద్దు ఏ ఆధారంతో తేలుస్తారు, కంటి అంచనాయా, గొలుసు లాగుతారా, నక్షా చూస్తారా? ఆ 12 మందిలో ఒకరిని కలిపించగలిగితే చాలు.

ట్రెంటుగట్టు:
ముందు ఊళ్ళో పెద్దరైతుల కన్ను సర్, మాట తేలకపోతే అడుగులు వేసి కొలుస్తారు. కలిపిస్తా, మీరు రండి. గొలుసు ఇంకా ఇంట్లో ఉంటే అది కూడా తీసుకురండి, పబ్బులో బల్ల మీద పరిస్తే వాళ్ళు మిమ్మల్ని వదలరు.

పాలమూరోడు:
ఎయిర్‌పోర్టుల ఆ గొలుసు చూసి సారును పట్టుకుంటరేమో 😄